బ్రహ్మచారి నింపిన ఫారం: ఒక వారసత్వ కేసు ఫైలు నుంచి

సుజాత మా ఆఫీసుకు వచ్చిన రోజు ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. అందులో భర్త మరణ ధ్రువీకరణ పత్రం, ఎఫ్‌ఐఆర్ కాపీ, పోస్ట్‌మార్టం రిపోర్టు, ఫ్లాట్ లోన్ స్టేట్‌మెంట్, వీటి మధ్యలో భర్త సెల్‌ఫోన్. ఫోన్ ఎందుకు తెచ్చారని అడిగాను. "ఓటీపీలన్నీ దీనికే వస్తున్నాయి మేడమ్. రీచార్జ్ ఆపలేదు" అంది. మనిషి పోయి అప్పటికి ఇరవై మూడు రోజులు.

పేర్లు, కొన్ని ఆనవాళ్లు మార్చి రాస్తున్నాను. చట్టం, లెక్కలు మార్చలేదు. బెంగళూరులో మన తెలుగువాళ్ల కుటుంబాల కేసులు చాలాకాలంగా చూస్తున్నాను. మా ఆఫీసు గాంధీనగర్‌లో, సిటీ సివిల్ కోర్టుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. ఇలాంటి కేసు ఏడాదికి నాలుగైదైనా వస్తుంది. ఇది మాత్రం ప్రత్యేకంగా గుర్తుండిపోయింది, ఎందుకంటే మొదట్లోనే నేను ఒక తప్పు చేశాను.

వేణుది హిందూపురం దగ్గర పల్లె. తండ్రికి ఐదెకరాల మెట్ట, వేరుశెనగ పంట, ఎండిపోయిన మూడు బోర్లు. అతను ఇంజనీరింగ్ చదివి బెంగళూరు వచ్చి, వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో 2015 నుంచి పని చేశాడు. 2017లో పెళ్లయింది. సుజాతది నెల్లూరు జిల్లా కావలి. 2018లో పాప పుట్టాక ఆమె ఉద్యోగం మానేసింది. 2020లో హోరమావులో ఫ్లాట్ కొన్నారు. 2022 ఆగస్టులో ఆఫీసు నుంచి బైకు మీద వస్తుండగా కె.ఆర్.పురం దగ్గర లారీ గుద్దింది. అతనికి 34 ఏళ్లు, పాపకు నాలుగు.

వీలునామా లేదు. ముప్పై నాలుగేళ్లవాడు వీలునామా రాస్తాడని ఎవరూ అనుకోరు. నిజానికి దానికి స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, సంతకం చేసి ఇద్దరు సాక్షులు ఉంటే చాలు. అయినా ఆ మాట ఎత్తితేనే అపశకునం అంటారు మన ఇళ్లలో.

నామినీ ఎవరు

ఉన్నవన్నీ ఒక తెల్ల కాగితం మీద రాసుకున్నాం. 50 లక్షల టర్మ్ పాలసీ. కంపెనీ ఇచ్చిన గ్రూప్ ఇన్సూరెన్స్ 20 లక్షలు. పీఎఫ్ సుమారు 11 లక్షలు, దానికి అనుబంధంగా వచ్చే ఈడీఎల్‌ఐ బీమా 7 లక్షలు. గ్రాట్యుటీ లక్షా 80 వేల చిల్లర. బ్యాంకు ఖాతా, మ్యూచువల్ ఫండ్స్ కలిపి 9 లక్షలు. 72 లక్షలు విలువ చేసే ఫ్లాటు, దాని మీద 41 లక్షల అప్పు.

ఆ తర్వాత ఒక్కోదానికీ నామినీ ఎవరో చూశాం. టర్మ్ పాలసీ 2014లో తీసుకున్నాడు, నామినీ తల్లి లక్ష్మమ్మ. పీఎఫ్ ఫారం 2015లో ఉద్యోగంలో చేరిన రోజు నింపాడు, నామినీ తల్లి. గ్రూప్ ఇన్సూరెన్స్‌కు మాత్రం 2019లో ఎవరో హెచ్‌ఆర్‌లో గుర్తు చేస్తే భార్య పేరు పెట్టాడు. బ్యాంకుకు, ఫండ్స్‌కు నామినీయే లేదు.

సుజాత ముఖం మాడిపోయింది. "అంటే ఆయనకు మేం గుర్తే లేమా?" అంది.

నేను ఈ ప్రశ్న చాలాసార్లు విన్నాను. కొత్త ఉద్యోగంలో చేరిన రోజు పాతిక ఫారాలు ముందు పెడతారు. నామినీ కాలమ్ దగ్గర పెళ్లికాని కుర్రవాడు అమ్మ పేరు రాస్తాడు, ఇంకెవరి పేరు రాస్తాడు? ఆ తర్వాత పెళ్లి, బిడ్డ, ఇల్లు అన్నీ వస్తాయి. ఫారం మాత్రం ఆ రోజు దగ్గరే ఆగిపోతుంది. ఇదంతా ఆమెకు చెప్పాను. ఎంత నమ్మిందో తెలియదు.

అప్పటికే ఆమె మరిది శీనప్ప ఫోన్ చేసి, "నామినీ అమ్మ పేరుంది కాబట్టి డబ్బంతా అమ్మదే" అని చెప్పాడట. అంతేకాదు, ఊళ్లో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకున్నారు. అందులో సుజాత, పాప, తల్లి, తండ్రి, తమ్ముడు, అందరి పేర్లూ ఉన్నాయి కాబట్టి ఆస్తి ఐదు భాగాలని అతని లెక్క. ఆ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవు. రెండూ తప్పే కూడా.

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కుటుంబంలో ఎవరెవరున్నారో చెబుతుంది, అంతే. ఎవరికెంత వాటా అనేది హిందూ వారసత్వ చట్టం, 1956 చెబుతుంది. వీలునామా లేకుండా పోయిన మగవాడి స్వార్జితం మొదటి తరగతి వారసులకు వెళుతుంది. ఇక్కడ మొదటి తరగతిలో ఉన్నది ముగ్గురే: భార్య, కూతురు, తల్లి. ముగ్గురికీ సమానంగా మూడో వంతు. తండ్రి రెండో తరగతి, తమ్ముడు ఆయన తర్వాత. మొదటి తరగతిలో ఒక్కరున్నా రెండో తరగతికి పైసా రాదు. తల్లికి భార్యతో సమానంగా వాటా ఉందని సుజాతకు తెలియదు. తనకు వాటా లేదని మామగారికి తెలియదు. ఈ ఒక్క సెక్షన్ రెండు ఇళ్లలోనూ పిడుగులా పడింది.

పీఎఫ్ సంగతి వేరు. ఆ స్కీమ్‌లోనే ఒక నిబంధన ఉంది: పెళ్లికి ముందు ఇచ్చిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది, మళ్లీ కొత్తది ఇవ్వాలి. వేణు ఇవ్వలేదు. కాబట్టి లక్ష్మమ్మ పేరున్న ఆ ఫారానికి విలువ లేదు. చెల్లే నామినేషన్ లేనప్పుడు పీఎఫ్ డబ్బు కుటుంబ సభ్యులకు సమానంగా పోతుంది. కుటుంబం అంటే అక్కడ భార్య, పిల్లలు, అతని మీద ఆధారపడ్డ తల్లిదండ్రులు. అంటే వారసత్వ చట్టం పక్కన పెట్టిన మామగారు, కొడుకు మీద ఆధారపడ్డానని చూపించగలిగితే, పీఎఫ్‌లో మళ్లీ లోపలికి వస్తాడు. ఒకే మనిషి డబ్బు, ఒక్కో చోట ఒక్కో లెక్క. అరగంట చెప్పాక సుజాత నాన్న, రిటైరైన ఆర్టీసీ కండక్టర్, "ఇదేంటమ్మా, ఒక్కో స్టేజీకి ఒక్కో టికెట్టా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ క్లయింట్లకు చెబుతుంటాను.

అసలు చిక్కు 50 లక్షల పాలసీ. 1983లో సర్బతీ దేవి కేసులో సుప్రీంకోర్టు, నామినీ డబ్బు చేతికి తీసుకునేవాడే తప్ప యజమాని కాదు, వారసులకు లెక్క చెప్పాలి అంది. ముప్పై ఏళ్లు అదే నడిచింది. 2015లో బీమా చట్టం 39వ సెక్షన్ మార్చారు. తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు నామినీలుగా ఉంటే ఆ డబ్బు మీద ప్రయోజనం వాళ్లదే అని రాశారు. మరి వారసత్వ చట్టం ఏమైనట్టు? 2022లో దీనికి గట్టి సమాధానం లేదు. 2025లో కర్ణాటక హైకోర్టు ధార్వాడ బెంచ్ దాదాపు ఇలాంటి కేసులోనే, పెళ్లికి ముందు తల్లిని నామినీగా పెట్టిన పాలసీలో, వారసులు వాటా అడిగితే వారసత్వ చట్టం ప్రకారం పంచాల్సిందే అని తల్లికి, భార్యకు, బిడ్డకు మూడో వంతు చొప్పున ఇచ్చింది. అది వచ్చేసరికి మా కేసు అయిపోయింది. మేం నడిచిన రోజుల్లో రెండు పక్కలా గెలిచే అవకాశం ఉంది, ఓడే అవకాశమూ ఉంది.

సుజాతకు ఇంకో మాట కూడా చెప్పాల్సి వచ్చింది. నామినీ యజమాని కాదని మనం వాదిస్తే, అదే వాదన ఆమె నామినీగా ఉన్న 20 లక్షలకూ వర్తిస్తుంది. అత్తగారు అందులో మూడో వంతు అడగొచ్చు. ఈ మాట మొదటిరోజే చెప్పని లాయర్లున్నారు. చెబితే క్లయింటు కాసేపు మనల్ని శత్రువుల్లా చూస్తారు. చూడనీ.

నేను పంపిన నోటీసు

పాలసీ క్లెయిమ్‌కు లక్ష్మమ్మ అప్పటికే దరఖాస్తు పెట్టారు. డబ్బు వెళ్లిపోతే తిరిగి రాబట్టడం కష్టమని, అలవాటు ప్రకారం లీగల్ నోటీసు పంపాను. ఇంగ్లిష్‌లో, నాలుగు పేజీలు. సివిల్, క్రిమినల్ చర్యలు తీసుకోవాల్సి వస్తుందన్న మామూలు వాక్యం చివర్లో ఉంది. అన్ని నోటీసుల్లోనూ ఉండేదే.

అది ఊరికి చేరింది వేణు మాసికం రోజు. ఇంట్లో చుట్టాలు, భోజనాల హడావుడి. ఇంగ్లిష్ చదవగలిగేది ఊళ్లో మందుల షాపు కుర్రాడు. అతన్ని పిలిపించి అందరి ముందు చదివించారు. అతనికి అర్థమైంది 'క్రిమినల్' అన్న ముక్క ఒక్కటే. "మీ కోడలు మీ మీద కేసు పెట్టింది, జైలంట" అన్నాడు. కొడుకు పోయిన నెలకు కోడలు జైలుకు పంపుతోందని ఊరంతా పాకిపోయింది. ఆ రోజు నుంచి ఎనిమిది నెలలు ఆ ఇంటి నుంచి సుజాతకు ఫోన్ లేదు.

చట్టం ప్రకారం నోటీసులో తప్పేమీ లేదు. కానీ తిథి చూసుకోవాల్సింది, తెలుగులో రాయాల్సింది, అంతకంటే ముందు ఒక ఫోన్ చేయాల్సింది. ఇప్పుడు కుటుంబ తగాదాల్లో ముందు ఫోన్ చేస్తాను, తర్వాత తెలుగులో ఒక పేజీ ఉత్తరం, అప్పటికీ కుదరకపోతేనే నోటీసు. ఈ పద్ధతి వల్ల రెండు మూడు వారాలు ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం వల్ల నష్టపోయిన క్లయింటు ఇంతవరకు లేరు.

2022 అక్టోబరులో సిటీ సివిల్ కోర్టులో వాటాల కోసం దావా వేశాం, పాలసీ డబ్బు మీద తాత్కాలిక నిషేధం అడిగాం. తగాదా ఉందని తెలిశాక బీమా కంపెనీ డబ్బును కోర్టులో డిపాజిట్ చేసింది, బీమా చట్టంలోనే దానికి దారి ఉంది. బ్యాంకు ఖాతాకు, ఫండ్స్‌కు సక్సెషన్ సర్టిఫికెట్ (వారసులు ఆ డబ్బు తీసుకోవడానికి కోర్టు ఇచ్చే పత్రం) పిటిషన్ విడిగా వేశాం. సక్సెషన్ సర్టిఫికెట్ బాకీలకు, సెక్యూరిటీలకే. ఫ్లాటుకు అది పనికిరాదు, ఈ సంగతి తెలియక నెలలు తిరిగేవాళ్లు చాలామంది.

ఈలోగా చిల్లర కష్టాలు. మరణం సంగతి తెలియగానే బ్యాంకు ఖాతా స్తంభింపజేసింది. ఈఎంఐ ఆ ఖాతా నుంచే కట్ అయ్యేది, కాబట్టి బౌన్స్ అయింది. 90 రోజులు కట్టకపోతే లోన్ మొండిబాకీ అవుతుంది, ఆ తర్వాత, తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు. సుజాత నాన్న మూడు ఈఎంఐలు కట్టాడు. బ్యాంకుకు ఉత్తరం రాసి కోర్టు కేసు సంగతి చెప్పి కొంత గడువు తెచ్చుకున్నాం.

ఇంకో తలనొప్పి పేర్లు. మన ఇంటిపేర్ల సంగతి తెలిసిందే. టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనక, పీఎఫ్‌లో ఇనిషియల్ ఒక్కటే, ఆధార్‌లో 'వేణుగోపాల్', పాలసీలో 'వేణుగోపాల'. అందరూ ఒకే మనిషి అని నాలుగు అఫిడవిట్లు వేయాల్సి వచ్చింది. పెళ్లి కూడా రిజిస్టర్ కాలేదు. కావలిలో కల్యాణమండపంలో ఆరు వందల మంది ముందు జరిగిన పెళ్లికి కాగితం లేదు. పాప బర్త్ సర్టిఫికెట్, సుజాత ఆధార్‌లో భర్త పేరు, ఫొటో ఆల్బమ్ పెట్టాం. అవతలి పక్షం పెళ్లిని కాదనలేదు కాబట్టి సరిపోయింది. కాదని ఉంటే పురోహితుణ్ని కావలి నుంచి రప్పించి సాక్ష్యం చెప్పించాల్సి వచ్చేది.

ఇరవై ఒక్క లక్ష

యాక్సిడెంట్ పరిహారం క్లెయిమ్ విషయంలో సుజాత పట్టుబట్టింది. "వాళ్ల పేర్లు ఇందులో వద్దు మేడమ్. నోటీసు తర్వాత మా పాపను చూడ్డానికి కూడా రాలేదు. వాళ్లకెందుకు?" శీనప్ప అక్కడ హిందూపురంలో విడిగా క్లెయిమ్ వేయడానికి లాయర్ని మాట్లాడుకుంటున్నాడని కూడా తెలిసింది. వేయొచ్చు, హక్కుదారు ఉండే ఊళ్లోనైనా వేసుకోవచ్చు. కానీ ఒకే చావుకు రెండు క్లెయిమ్‌లు పడితే రెండూ నానుతాయి.

అప్పుడు కాగితం తీసుకుని లెక్క వేసి చూపించాను. పన్ను పోను వేణు జీతం నెలకు 90 వేలు, ఏడాదికి 10 లక్షల 80 వేలు. 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, నలభై లోపు వయసు, పర్మనెంటు ఉద్యోగం అయితే భవిష్యత్తులో పెరిగే జీతం కింద 50 శాతం కలపాలి. 16 లక్షల 20 వేలు అయింది. ఇందులోంచి అతని సొంత ఖర్చు తీసేయాలి. ఎంత తీయాలన్నది ఆధారపడ్డవాళ్ల సంఖ్యను బట్టి ఉంటుందని 2009లో సరళా వర్మ కేసు చెప్పింది. ఇద్దరు ముగ్గురైతే మూడో వంతు, నలుగురి నుంచి ఆరుగురైతే నాలుగో వంతు. మిగిలిన ఏడాది మొత్తాన్ని వయసును బట్టి ఒక అంకెతో గుణించాలి, 31 నుంచి 35 ఏళ్లవాడికి ఆ మల్టిప్లయర్ 16.

సుజాత, పాప, అత్తగారు ముగ్గురే అనుకుంటే: 10 లక్షల 80 వేలు ఇంటూ 16, కోటీ 72 లక్షల 80 వేలు. మామగారిని కూడా ఆధారపడ్డవాడిగా చూపించగలిగితే: 12 లక్షల 15 వేలు ఇంటూ 16, కోటీ 94 లక్షల 40 వేలు. తేడా 21 లక్షల 60 వేలు. తండ్రికి సొంత ఆదాయం ఉంటుందన్నదే కోర్టుల మామూలు అంచనా, కాబట్టి ఆధారపడ్డాడని రుజువు చేయాలి. ఎండిన బోర్ల ఫొటోలు, పంట నష్టం కాగితాలు, వేణు నెలనెలా తండ్రికి పంపిన ఫోన్‌పే రికార్డు, ఈ రుజువులన్నీ ఉన్నది ఎవరి దగ్గర? మామగారి దగ్గరే.

ఇంకో సంగతి, ఈ పరిహారం వేణు ఆస్తి కాదు. అతని మీద ఆధారపడ్డవాళ్లు కోల్పోయినదానికి ఇచ్చేది. కాబట్టి ఇక్కడ మూడో వంతుల లెక్క లేదు, ఎవరు ఎంత ఆధారపడ్డారో చూసి ట్రిబ్యునల్ పంచుతుంది. చిన్నపిల్ల ఉన్న భార్యకు సాధారణంగా ఎక్కువే వస్తుంది. టర్మ్ పాలసీ డబ్బు వచ్చింది కదా అని ఇందులోంచి తగ్గించరు, ఆ సంగతి హెలెన్ రెబెల్లో కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది.

సుజాత ఆ కాగితం చాలాసేపు చూసింది. "వేణు ఉంటే నవ్వేవాడు మేడమ్. లెక్కలంటే ఆయనకు ఇష్టం" అంది. అత్తమామల పేర్లు చేర్చడానికి ఒప్పుకుంది. కలిసి సంతకం పెట్టడానికి అప్పటికి వాళ్లు రాలేదు. చేరనివాళ్లను ప్రతివాదులుగా చూపించి వేయొచ్చు, అలాగే వేశాం, 2023 జనవరిలో. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో క్లెయిమ్ వేయాలన్న గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఐదో నెల గడిచిపోయింది అప్పటికి. పాత రోజుల్లా ఏడాది తర్వాత చూద్దాం అనుకుని ఉంటే ఇంకో యుద్ధం చేయాల్సి వచ్చేది.

న్యాయదేగులలో నాలుగు రోజులు

దావాను కోర్టు మధ్యవర్తిత్వానికి పంపింది. సిద్ధయ్య రోడ్డులో న్యాయదేగుల భవనంలో బెంగళూరు మీడియేషన్ సెంటర్ ఉంది, హైకోర్టు 2007లో మొదలుపెట్టింది. మా మధ్యవర్తి ఒక సీనియర్ లాయరమ్మ. ఆమెది కన్నడం, లక్ష్మమ్మది హిందూపురం తెలుగు. ఆ తెలుగులో సగం కన్నడమే కాబట్టి ఇబ్బంది రాలేదు.

మొదటి రెండు సిట్టింగులు వృథా. శీనప్ప ఒక్కడే మాట్లాడాడు. మూడో రోజు మధ్యవర్తి అతన్ని బయట కూర్చోమని, లక్ష్మమ్మతో విడిగా మాట్లాడారు. తర్వాత నన్ను, సుజాతను పిలిచారు. లక్ష్మమ్మ నావైపు తిరిగి అన్న మాట ఇది: "లాయరమ్మా, డబ్బు వద్దని నేను చెప్పను. కావాల. బోరుకు తెచ్చిన అప్పుంది, బంగారం బ్యాంకులో ఉంది. కానీ ఇదేమో చిన్నపిల్ల, రేపు ఇంకో పెళ్లి చేసుకుంటాది. అప్పుడు నా కొడుకు కష్టార్జితం ఎవరి ఇంటికో పోతాది, నా మనవరాలు నాకు కనపడదు."

ఇలాంటి చోట్ల "అసలు గొడవ డబ్బు కాదు, ప్రేమ" అని రాసేస్తుంటారు. నాకు నమ్మకం లేదు. లక్ష్మమ్మకు డబ్బు కావాలి, మనవరాలూ కావాలి. ఒకటి నిజం, రెండోది సాకు అనుకోవడం ఆమెను చిన్నచూపు చూడటమే.

పెళ్లి మాట వచ్చింది కాబట్టి చట్టం ఏం చెబుతుందో ఇద్దరికీ వినిపించాను. వితంతువు మళ్లీ పెళ్లి చేసుకున్నా భర్త నుంచి అప్పటికే వచ్చిన వాటా పోదు. యాక్సిడెంట్ పరిహారం పోదు. పోయేది ఒక్కటే, పీఎఫ్ ఆఫీసు ఇచ్చే వితంతు పెన్షన్. అది పెళ్లితో ఆగిపోతుంది, పాప పెన్షన్ కొనసాగుతుంది. అంటే అత్తగారి భయానికి చట్టంలో మందు లేదు. అలాగని నేను ఆమెకు అబద్ధం చెప్పలేదు.

సుజాత అప్పుడు మాట్లాడింది. "అత్తమ్మా, పెళ్లి సంగతి నాకే తెలియదు. పాప వేసవి సెలవులు, సంక్రాంతి, దసరా మీ దగ్గర ఉంటుంది. కావాలంటే కాగితం మీద రాయండి." రాయించాను. అలాంటి షరతును కోర్టు అమలు చేయించడం కష్టమని తెలిసీ రాయించాను, ఎందుకంటే లక్ష్మమ్మకు కావలసింది అమలు కంటే ఆ మాట కాగితం మీద ఉండటం.

నాలుగో రోజు అంకెలు కుదిరాయి. కోర్టులో ఉన్న 50 లక్షల్లో 22 లక్షలు లక్ష్మమ్మకు, 28 లక్షలు నేరుగా ఫ్లాట్ లోన్‌కు. మిగిలిన 13 లక్షల బాకీ పీఎఫ్, ఈడీఎల్‌ఐ డబ్బు నుంచి. గ్రూప్ ఇన్సూరెన్స్, ఫండ్స్ సుజాతకు, పాపకు. యాక్సిడెంట్ కేసులో అత్తమామలు చేరి సాక్ష్యం ఇస్తారు, వచ్చినదాంట్లో ఇరవై శాతం వాళ్లకు. ఫ్లాటులో తన మూడో వంతు లక్ష్మమ్మ వదులుకుంటుంది.

ఈ చివరిది నాకు అన్నిటికంటే ముఖ్యం. ఆ మూడో వంతు అలాగే ఉండిపోతే, లక్ష్మమ్మ తదనంతరం అది మామగారికి, శీనప్పకు, పాపకు చీలిపోతుంది. అప్పుడు ఫ్లాటులో సుజాతతోపాటు మరిది యజమాని. పదిహేనేళ్ల తర్వాత ఆ గొడవ నా దగ్గరికో, నా జూనియర్ దగ్గరికో వచ్చేది.

పాప మైనర్ కాబట్టి రాజీ అంత తేలిక కాదు. మైనర్ తరఫున రాజీ పడాలంటే కోర్టు ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాలి, పాపకు నష్టం లేదని జడ్జిగారు చూసుకోవాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డర్ 7వ రూల్. ఈ అనుమతి లేకుండా చేసిన రాజీని పాప పెద్దయ్యాక రద్దు చేయించుకోవచ్చు. జడ్జిగారు ఒక వాయిదా వేసి, లెక్కలన్నీ విడిగా రాయించుకుని, పాప వాటా నగదును జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలని షరతు పెట్టి 2023 సెప్టెంబరులో ఆమోదించారు.

యాక్సిడెంట్ కేసు మరుసటి ఏడాది లోక్ అదాలత్‌లో కోటీ 60 లక్షలకు తేలింది. వేణు లేన్ మారాడని అవతలి వాదన, సీసీ కెమెరా ఫుటేజ్ లేదు. ఇంకో మూడేళ్లు నడిపితే ఇంకొంచెం వచ్చేదేమో. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు, డబ్బు త్వరగా వస్తుంది. సుజాత ఇక చాలు అంది. సాక్ష్యానికి వచ్చిన మామగారు, బోర్ల గురించి అడిగితే లోతులు అడుగులతో సహా చెప్పాడు.

రాజీలో నాకు నచ్చని ఒక్క ముక్క

రాజీలో ఒక మెలిక ఉంది. తన మూడో వంతును కోడలి పేరున రాయడానికి లక్ష్మమ్మ ఒప్పుకోలేదు. "బిడ్డ పేరున రాస్తా" అంది. అంటే గిఫ్ట్ డీడ్ మనవరాలికి. అప్పుడు ఫ్లాటులో మూడింట రెండు వంతులు పాపది, ఒక వంతు సుజాతది.

నేను వద్దన్నాను. పాప పేరున ఉన్న స్థిరాస్తిని తల్లి అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా, ఐదేళ్లకు మించి లీజుకివ్వాలన్నా కోర్టు అనుమతి తీసుకోవాలి, హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షన్ అది. ఫ్లాటులో మూడో వంతు ఎలాగూ పాపదే, ఆ చిక్కు ఉండనే ఉంది. మూడింట రెండు అయితే, రేపు సుజాతకు వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చి ఇల్లు అమ్ముకోవాలంటే, డబ్బులో ఎక్కువ భాగం పాప డిపాజిట్లోకి పోతుంది. కొత్త ఇల్లు కొనడానికి ఆమె చేతికి మిగిలేది కొద్దే. ఇదంతా ఆమెకు తెలుగులో, నెమ్మదిగా, రెండుసార్లు చెప్పాను.

"అమ్మే ఆలోచన లేదు మేడమ్. ఆమె మనసు అలా ఉంటే అలాగే కానివ్వండి" అంది.

లోన్ తీరి, బ్యాంకు నుంచి ఒరిజినల్ పత్రాలు చేతికొచ్చాక, 2024 చివర్లో డీడ్ రిజిస్టర్ అయింది. ఆ రోజు లక్ష్మమ్మ హిందూపురం నుంచి పొద్దున రైలుకు వచ్చి, పని అయ్యాక పాపను చూసుకుని సాయంత్రం రైలుకు వెళ్లిపోయింది. శీనప్ప రాలేదు. ఫ్లాటు ఖాతా (బెంగళూరులో కార్పొరేషన్ ఆస్తి రికార్డును అలా అంటారు) ఇద్దరి పేర్లకూ మారడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది.

పాపకు పద్దెనిమిది నిండేది 2036లో. మామూలుగా ఖాతా మారాక ఫైలు మూసి గోదాముకు పంపిస్తాం. దీన్ని పంపలేదు. బీరువాలో కింది అరలో ఉంది.